హైగెన్స్ ఇంటి చిత్రం, 1640: ఇందులో ఇల్లాలు ఎక్కడ?

పాత పుస్తకాలు

హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉన్న ఒక కుటుంబ చిత్రం గురించి సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. చిత్రకారుడు అడ్రియాన్ హానెమాన్, గీసిన సంవత్సరం 1640, కొలతలు సుమారు 204 × 174 సెంటీమీటర్లు. కవి, సంగీతకారుడు, బహుభాషావేత్త, డచ్ పాలకుడు ఫ్రెడరిక్ హెండ్రిక్‌కు కార్యదర్శి అయిన కాన్‌స్టంటైన్ హైగెన్స్ నడిమధ్య ఒక పతకంలాంటి చట్రంలో ఉన్నాడు. ఆయన చుట్టూ అలాంటివే మరో ఐదు చట్రాల్లో ఐదుగురు పిల్లలు ఉన్నారు. నలుగురు కొడుకులు ఇరుపక్కలా, మూడేళ్ల కూతురు సుజానా అందరికంటే పైన.

నా సందేహాలు రెండు. మొదటిది, ఆ కాలపు కుటుంబ చిత్రాల్లో భర్త పక్కన భార్య మామూలుగా కనిపిస్తుంది, ఇక్కడ ఆమె జాడ లేదు. రెండవది, హాలండ్‌లోనే అంత పేరుపడ్డ విద్వాంసుడి ఇంటిని చిత్రించమంటే ఒక పుస్తకం, ఒక వీణ, ఒక గ్లోబు, చివరకు ఒక గోడైనా చూపకుండా ఆరు ముఖాలను మాత్రం ఎందుకు చూపించారు? దీనిని ఇంటి చిత్రం అనవచ్చా?

హనుమకొండ మాష్టారు

ఆ కుడివైపు చట్రంలోని పిల్లవాడు మనందరికీ తెలిసినవాడే. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో తరంగాగ్రం బొమ్మ వేసి "హైగెన్స్ సూత్రం" అని చదువుకున్నది ఇతని పేరుతోనే. క్రిస్టియాన్ హైగెన్స్ 1629 ఏప్రిల్ 14న పుట్టాడు కాబట్టి ఈ చిత్రం నాటికి పదకొండేళ్లవాడు. పెద్దవాడు తండ్రి పేరే పెట్టుకున్న కాన్‌స్టంటైన్, వయసు పన్నెండు. మూడవవాడు లోడెవైక్ 1631లోను, నాలుగవవాడు ఫిలిప్స్ 1632లోను పుట్టారు. క్రిస్టియాన్‌ది తాతగారి పేరు. ఆ తాతగారు కూడా ప్రభుత్వంలో కార్యదర్శిగానే పనిచేశారు. ఈ సంగతి తర్వాత అవసరపడుతుందని ముందే చెబుతున్నాను.

ఈ పిల్లలు బడికి వెళ్లలేదు. తండ్రి తాను చిన్నప్పుడు ఇంట్లో చదువుకున్న పద్ధతినే వీళ్లకూ పెట్టించాడు: లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, లెక్కలు, తర్కం, గానం, వాద్యం. ఇంట్లోనే ఉండే ఉపాధ్యాయుడికి పాఠ్యక్రమం తానే రాసిచ్చి, పిల్లలు ఏ వయసులో ఏది నేర్చారో తానే రాసిపెట్టుకున్నాడు. క్రిస్టియాన్ పదమూడేళ్లకే తనకోసం ఒక తరిణె పట్టే మర (లేత్) తయారుచేసుకున్నాడు. తండ్రి అతన్ని "నా ఆర్కిమెడిస్" అని పిలిచేవాడు. ఇంటికి వచ్చేపోయేవాళ్లలో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ ఒకడు. పక్కన గ్లోబు బొమ్మ ఉంటేనే పండితుడి ఇల్లు అవుతుందా? ఈ ఆరు ముఖాలే ఆ ఇంటి పుస్తకాలు అని నేను అనుకుంటాను.

ఉత్తర సముద్రం

నేను హేగ్‌కు దగ్గరలోనే ఉంటాను, ఈ చిత్రాన్ని చాలాసార్లు చూశాను. మొదటి సందేహానికి సమాధానం సూటిగా చెప్పవచ్చు. కాన్‌స్టంటైన్, సుజానా వాన్ బార్లేలకు 1627లో పెళ్లయింది. 1637 మార్చి 13న కూతురు పుట్టింది, ఆ కాన్పు తర్వాత కోలుకోలేక తల్లి మే 10న కన్నుమూసింది. ఆమె పేరే కూతురికి వచ్చింది. అంటే చిత్రం గీసేనాటికి ఇల్లాలు పోయి మూడేళ్లు.

ఆమె పోయేనాటికి ఆ కుటుంబం హేగ్ నగరంలోని ప్లేన్ అనే కూడలిలో ఒక పెద్ద ఇల్లు కట్టుకుంటోంది. 1634లో మొదలుపెట్టారు. వాస్తుశిల్పి యాకోబ్ వాన్ కాంపెన్‌తో కలిసి కాన్‌స్టంటైన్ తానే నమూనాలు ఆలోచించాడు, భార్య లెక్కలూ పనులూ చూసుకుంది. ఇల్లు పూర్తయ్యే వేళకు ఆమె లేదు. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మనవాళ్లు కష్టం సంగతి చెబుతారు గాని, కట్టినవాళ్లలో ఒకరు గడప దాటి లోపలికి రాకపోతే దాన్ని ఏ సామెతలో చెప్పాలో నాకు తెలియదు. భార్యను ఆయన తన కవిత్వంలో "స్టెర్రె", అంటే నక్షత్రం, అని పిలిచేవాడు. వాళ్లిద్దరి దినచర్య మీద రాస్తున్న సుదీర్ఘ కావ్యాన్ని ఆమె మరణంతో ఆపేశాడు, 1638లో ఆమె మృతి మీద ఒక సానెట్ రాశాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1687లో తొంభై ఏళ్ల వయసులో పోయేదాకా యాభై ఏళ్లు విధురుడిగానే ఉన్నాడు.

మాష్టారు చెప్పిన చదువు సంగతికి ఒక మాట కలుపుతాను. తండ్రి ఏటా ఎండకాలమంతా పాలకుడి వెంట సైనిక శిబిరాల్లో ఉండేవాడు. భార్య పోయిన ఆ ఏడాదే బ్రెడా పట్టణపు ముట్టడి జరిగింది. ఇంటిని నడిపినది, పిల్లలను సాకినది కాతరీనా స్వేరియస్ అనే బంధువు. ఆమెకూ ఈ చిత్రంలో చోటు లేదు. కాబట్టి ఇందులో కనిపించేది ఇల్లు నడిచిన తీరు కాదు.

నీటిరంగులు

నేను బొమ్మలు వేసే మనిషిని కాబట్టి కాస్త పొడిపొడిగా మాట్లాడతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

ఆరుగురిని, అందులో ఐదుగురు పన్నెండేళ్లలోపు పిల్లలను, ఒకే గదిలో ఒకే వెలుతురులో చేర్చి వేయడం పోర్ట్రెయిట్ పనిలో అన్నిటికంటే చికాకైన వ్యవహారం. ఎవరు ఎవరి వైపు చూడాలి, ఎవరి చెయ్యి ఎవరి భుజం మీద ఉండాలి, మూడేళ్ల పిల్ల నేల మీద ఉంటే మిగతావాళ్ల నడుములకు కూడా అందదు, ఆమెను ఎవరి ఒళ్లో కూర్చోబెట్టాలి. మామూలుగా ఆ పిల్ల తల్లి ఒళ్లో ఉంటుంది. ఇక్కడ ఆ ఒడి లేదు. చట్రాలు విడివిడిగా పెడితే ఈ చిక్కులన్నీ ఒక్క దెబ్బతో తీరిపోతాయి. ప్రతి తలను వేరే రోజున, ఆ పిల్లకో పిల్లాడికో ఓపిక ఉన్నంతసేపు కూర్చోబెట్టి వేసుకోవచ్చు. తండ్రి శిబిరం నుంచి వచ్చినప్పుడు ఆయన వంతు. ఇంత గంభీరమైన అమరికకు ఇలాంటి పనివాడి కారణం కూడా ఉండవచ్చునని నా అనుమానం.

అయితే ఇది హానెమాన్ చేతగానితనం మాత్రం కాదు. అతను హేగ్‌లోనే పని నేర్చి, లండన్‌లో పదేళ్లకు పైగా ఉండి, అక్కడి రాజాస్థాన చిత్రకారుడు వాన్ డైక్ ప్రభావాన్ని చేతికి ఎక్కించుకుని 1638 ప్రాంతంలో తిరిగివచ్చినవాడు. తర్వాత 1656లో హేగ్ చిత్రకారులు తమ సొంత సంఘం పెట్టుకున్నప్పుడు దానికి మొదటి పెద్ద ఇతనే. దగ్గరికి వెళ్లి చూడవలసింది పిల్లల కాలర్లను. వెడల్పాటి తెల్లని బట్ట ముదురు దుస్తుల మీద పరుచుకుని ఉంటుంది, ముఖానికి కింది నుంచి కాస్త వెలుతురు అక్కడినుంచే వస్తుంది. అన్నదమ్ముల ముక్కులూ కనురెప్పలూ ఒక్క అచ్చులో పోసినట్టున్నా ఒకడిని చూసి ఇంకొకడని పొరబడం. ఒకే పోలికలున్న నలుగురు అబ్బాయిలను నలుగురుగా నిలబెట్టడం ఎంత కష్టమో వేసిన చేతులకు తెలుస్తుంది.

ఇక నమూనా సంగతి. ఈ చట్రాల అమరిక డచ్ కుటుంబ చిత్రాల్లో అరుదు. నాకు ఇది గోడ మీది చిత్రంలా కంటే, ఆ కాలపు అచ్చుపుస్తకాల్లో లోపలి అట్ట మీద గ్రంథకర్తల ముఖాలతో చెక్కించే ముఖచిత్రంలా కనిపిస్తుంది. పుస్తకం చేతిలో ఎందుకు లేదని అడిగారు కదా, చిత్రం మొత్తమే పుస్తకం మొదటి పేజీలా ఉంటే చేతిలో మరొకటి దేనికి?

పాత పుస్తకాలు

ముఖచిత్రం మాట నాకు బాగా నచ్చింది. అయినా రెండో సందేహం పూర్తిగా తీరలేదు, ఎందుకంటే ఇదే మనిషిని ఇంకో విధంగా చూపిన చిత్రం ఒకటి ఉంది. లండన్ నేషనల్ గ్యాలరీలోని, థామస్ డి కైసర్ 1627లో వేసిన చిన్న చిత్రంలో హైగెన్స్ బల్ల ముందు కూర్చుని ఉంటాడు. బల్ల మీద తివాసీ, దాని మీద కాగితాలు, పొడుగు మెడ ఉన్న తంత్రీవాద్యం, భూగోళం, ఖగోళం, వెనుక గోడకు చిత్రపటం నేసిన పెద్ద తెర. ఒక గుమాస్తా టోపీ తీసి ఉత్తరం తెచ్చి ఇస్తున్నాడు. హైగెన్స్ తల మాత్రం అటు తిప్పాడు, శరీరం ఇంకా బల్ల వైపే ఉంది. చదువుకుంటున్నవాణ్ణి కొలువు పిలిచిన క్షణం అది. విద్వాంసుడంటే ఎవరో, ఆయన గది ఎలా ఉంటుందో ఆ చిత్రం పూస గుచ్చినట్టు చెబుతుంది.

అది పెళ్లయిన ఏడాది, ఇది భార్య పోయిన మూడేళ్లకు. పదమూడేళ్ల తేడాలో బల్ల పోయింది, వాద్యం పోయింది, గోళాలు పోయాయి, పిల్లలు వచ్చారు. తన గురించి చెప్పుకోవాలంటే వస్తువులు చూపే మనిషి, ఈసారి మనుషులనే చూపాడని నేను అర్థం చేసుకుంటున్నాను.

కోనసీమ కుర్రాడు

పెద్దల మధ్య చిన్న ప్రశ్న. ఆ ఊరికి రెంబ్రాంట్ ఎంతో దూరంలో లేడు కదా. రెంబ్రాంట్‌ను వెలుగులోకి తెచ్చినవారిలో ఈ హైగెన్స్ ముఖ్యుడని చదివాను. మరి తన కుటుంబ చిత్రానికి ఆయన్ని ఎందుకు పిలవలేదు?

నీటిరంగులు

మంచి ప్రశ్న. 1630 ప్రాంతంలో రాసుకున్న స్వీయచరిత్రలో హైగెన్స్ లైడెన్ నగరంలోని ఇద్దరు యువ చిత్రకారుల గురించి, యాన్ లీవెన్స్, రెంబ్రాంట్‌ల గురించి, ఎవరూ గుర్తించని రోజుల్లోనే గొప్పగా రాశాడు. భావావేశాన్ని పట్టడంలో రెంబ్రాంట్ మేటి అని, ఊహలోని ఘనతలో లీవెన్స్ మేటి అని ఆయన తూకం. తర్వాత ఫ్రెడరిక్ హెండ్రిక్ కోసం క్రీస్తు శ్రమల చిత్రాలు రెంబ్రాంట్ వేశాడు, ఆ వ్యవహారమంతా హైగెన్స్ చేతుల మీదుగా నడిచింది. రెంబ్రాంట్ రాసిన ఉత్తరాల్లో మనకు మిగిలినవి ఏడే ఏడు, 1636 నుంచి 1639 వరకు రాసినవి, ఏడూ హైగెన్స్‌కు రాసినవే. చివరి రెండు చిత్రాలకు ఒక్కొక్కదానికి వెయ్యి గిల్డర్లు ఆశించి ఆరు వందలతో సరిపెట్టుకోవలసి వచ్చిన సంగతి కూడా ఆ ఉత్తరాల వల్లనే తెలుస్తుంది.

ముఖం పోలిక విషయంలో మాత్రం హైగెన్స్‌కు రెంబ్రాంట్ మీద గురి లేదు. తన స్నేహితుడు యాక్ డి ఖైన్ బొమ్మను రెంబ్రాంట్ 1632లో వేస్తే, అది ఆ మనిషిలా లేదని వేళాకోళం చేస్తూ 1633లో లాటిన్‌లో వరసగా చిన్న చిన్న చాటువులు రాశాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్ డల్విచ్ గ్యాలరీలో ఉంది. మన చాటుకవులు ఎవరైనా చిత్రకారుడితో తగువు పడితే ఇలాగే రాసి ఉండేవారు. తన బొమ్మను మాత్రం లీవెన్స్ చేత వేయించుకున్నాడు. పిల్లల పోలిక చెడకూడదని కోరుకున్న తండ్రి, లండన్ దర్బారు మెరుగు చూసి వచ్చిన హానెమాన్ దగ్గరకు వెళ్లడంలో వింత లేదు.

సాయంకాల ప్రార్థన

ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ తడమని విషయం ఒకటి ఉంది. చిత్రం మీద లాటిన్‌లో "ఎక్కే హేరెడితాస్ దోమిని" అని రాసి ఉంది. ఇది 127వ కీర్తన మూడవ వచనం మొదటి ముక్క. మన తెలుగు బైబిలులో ఆ వచనం "కుమారులు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము, గర్భఫలము ఆయన యిచ్చు బహుమానము" అని ఉంటుంది. స్వాస్థ్యం అంటే ఇక్కడ వారసత్వం.

బైబిలుతో పరిచయమున్న ఆ కాలపు ఇంటివాళ్లకు ఒక ముక్క చదివితే కీర్తన మొత్తం నోటికి వచ్చేది. ఆ కీర్తన ఎలా మొదలవుతుందో చూడండి: "యెహోవా ఇల్లు కట్టించనియెడల దాని కట్టువారి ప్రయాసము వ్యర్థమే." ఉత్తర సముద్రం గారు చెప్పిన ఇంటి సంగతి చదివాక నేను ఈ వచనం దగ్గర ఆగిపోయాను. మూడేళ్లు శ్రమపడి ఇల్లు కట్టి, దానికి ఇల్లాలు లేకుండా పోయిన మనిషి తన పిల్లల బొమ్మల మీద ఇదే కీర్తన రాయించాడు. మూడవ వచనాన్ని పైకి చూపి, మొదటి వచనాన్ని తనలో ఉంచుకున్నాడని నా భావన. ఈయన కీర్తనలను పైపైన తెలిసినవాడు కాదు. 1641లో, అంటే ఈ చిత్రం తర్వాతి ఏడాదే, చర్చిలో కీర్తనలు పాడేటప్పుడు ఆర్గన్ వాయించాలా వద్దా అన్న వివాదం మీద పుస్తకమే అచ్చువేశాడు. 1647లో అచ్చయిన తన పాటల సంపుటిలో లాటిన్ కీర్తనలకు తానే స్వరాలు కట్టాడు.

ఇంకొక మాట. డచ్ కుటుంబ చిత్రాలకు ఎక్కువగా ఆధారమైనది పక్కనున్న 128వ కీర్తన: "నీ లోగిట నీ భార్య ఫలించు ద్రాక్షావల్లివలె నుండును, నీ భోజనపు బల్లచుట్టు నీ పిల్లలు ఒలీవ మొక్కలవలె నుందురు." అందుకే ఆ చిత్రాల్లో భార్య చేతిలోనో పిల్లల చేతిలోనో ద్రాక్ష గుత్తి, మధ్యలో భోజనపు బల్ల తరచుగా కనిపిస్తాయి. భార్య లేనివాడు ఆ కీర్తనను గోడ మీద పెట్టుకోలేడు. పిల్లలు మాత్రమే ఉన్న కీర్తన దానికి ముందు పేజీలోనే ఉంది. బల్ల ఎందుకు లేదని పాత పుస్తకాలు గారు అడిగారు, బల్ల ఉన్నది ఆ రెండో కీర్తనలో.

హనుమకొండ మాష్టారు

అమ్మా, మీ వివరణ చదివి చాలాసేపు ఆలోచించాను, కాని ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. పోయినవాళ్లను చిత్రంలో చూపకూడదన్న నియమం హాలండ్‌లో లేదు. అదే హేగ్ నగరంలో యాన్ మైటెన్స్ 1652లో వేసిన వాన్ డెన్ కెర్క్‌హోవెన్ కుటుంబ చిత్రంలో బతికున్న పిల్లలు నేల మీద, చనిపోయిన పిల్లలు రెక్కలతో దేవదూతల్లా ఆకాశంలో ఉంటారు. తర్వాత ఇంకో బిడ్డ పుడితే 1655లో మళ్లీ చిత్రంలో చేర్చారు. అంటే ఇంటి లెక్క మారితే బొమ్మలోని లెక్కనూ సరిచేసుకునేవాళ్లు. అలాంటప్పుడు హైగెన్స్ కోరుకుంటే భార్యకు ఏడో చట్రం పెట్టించలేడా? ఆమె లేకపోవడానికి కీర్తన కారణమా, లేక కీర్తనకు ఆమె లేకపోవడం కారణమా అన్నది మీ వివరణలో తేలలేదు.

ఉత్తర సముద్రం

మాష్టారి ప్రశ్నకు సమాధానం అదే మ్యూజియంలో ఉందని నేను అనుకుంటున్నాను. ఇంటి నమూనా వేసిన వాన్ కాంపెన్ చిత్రకారుడు కూడా. అతను 1635 ప్రాంతంలో ఈ దంపతులిద్దరినీ కలిపి ఒక చిత్రం వేశాడు. భార్యాభర్తలు పక్కపక్కన, ఇద్దరి మధ్య ఒక సంగీత ప్రతి, అది ఇద్దరి చేతుల్లోనూ ఉంటుంది. ఆ చిత్రంలో పిల్లలు లేరు. ఈ చిత్రంలో భార్య లేదు. ఆమె సజీవ రూపం ఇంట్లో ఒకటి ఉండగా, పోయిన తర్వాత ఎదుట మనిషి లేకుండా ఇంకొకటి వేయించడం, పోలిక విషయంలో అంత పట్టింపు ఉన్న హైగెన్స్‌కు రుచించి ఉండదు. నీటిరంగులు గారు చెప్పిన చాటువుల సంగతి ఇక్కడికి కూడా వర్తిస్తుంది.

నా మట్టుకు ఈ రెండు చిత్రాలూ కలిస్తేనే ఆ కుటుంబం పూర్తవుతుంది. ఇంకో విశేషం కూడా చెప్పాలి. మౌరిట్స్‌హౌస్ భవనం మొదట యోహాన్ మౌరిట్స్ అనే ప్రభువు ఇల్లు, వాన్ కాంపెన్ నమూనాయే, హైగెన్స్ ఇంటికి పొరుగున, అదే సంవత్సరాల్లో లేచింది. హైగెన్స్ ఇల్లు 1876లో పడగొట్టారు. కుటుంబం బొమ్మ పక్కింట్లో మిగిలింది.

బందరు రేవు

డచ్చివాళ్లు మా మచిలీపట్నానికి 1605లో వచ్చి కొద్దికాలానికే వర్తక స్థావరం పెట్టుకున్నారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు హాలండ్‌కు ఓడల్లో వెళ్లేవి. పండితులు వదులైన పొడుగు అంగీ తొడుక్కుని పుస్తకాల మధ్య కూర్చున్న డచ్ చిత్రాలు చాలా ఉన్నాయి, వెర్మీర్ వేసిన ఖగోళ, భూగోళ శాస్త్రజ్ఞుల బొమ్మలు అందులో ప్రసిద్ధం. అలాంటి అంగీలను మన కలంకారీ బట్టతోనూ కుట్టించుకునేవారు. హైగెన్స్ కుటుంబ చిత్రంలో అలాంటి బట్ట ఏమైనా కనిపిస్తుందా?

నీటిరంగులు

ఇందులో కనిపించదండీ. ఆ అంగీలు పండితుల వేషంగా చిత్రాల్లోకి వచ్చింది 17వ శతాబ్దం రెండో సగంలో. మీరన్న వెర్మీర్ చిత్రాలు 1668, 1669 నాటివి. 1640లో కొలువు కార్యదర్శి బొమ్మకు కూర్చుంటే నల్ల దుస్తులు, తెల్ల కాలరు, అంతే. ఇంట్లో తొడుక్కునే అంగీతో బొమ్మ వేయించుకోవడం అప్పటికి మర్యాద కాదు. బందరు బట్టల మీద వేరే చర్చ పెడితే నేనూ వస్తాను.

పాత పుస్తకాలు

చర్చను మళ్లీ ఆ వచనంలోని స్వాస్థ్యం వైపు తిప్పుతున్నాను. మాష్టారు మొదటే తాతగారి ఉద్యోగం సంగతి చెప్పి ఊరుకున్నారు, అది ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. తాత కార్యదర్శి, తండ్రి కార్యదర్శి. అలాంటి ఇంట్లో వారసత్వం అనే మాటకు దేవుడిచ్చిన బిడ్డలన్న అర్థం ఒకటైతే, కొలువు చేతులు మారకుండా ఇంటిలోనే ఉండడం ఇంకొకటి. చట్రాల్లోని అబ్బాయిలను రాజ్యవ్యవహారాలకు తయారుచేస్తున్నట్టు తండ్రి మనసులో స్పష్టంగా ఉంది. పెద్దవాళ్లిద్దరినీ 1645లో లైడెన్ విశ్వవిద్యాలయానికి న్యాయశాస్త్రం చదవమని పంపాడు. ఆ తర్వాత క్రిస్టియాన్ బ్రెడాలోని కొత్త కళాశాలకు వెళ్లాడు.

1650లో యువ పాలకుడు రెండవ విలియం హఠాత్తుగా చనిపోవడంతో ఆ పదవే ఇరవై రెండేళ్లు ఖాళీగా ఉండిపోయింది. తండ్రి వేసుకున్న లెక్క అక్కడ తప్పింది. ఫిలిప్స్ 1657లో రాయబార బృందంతో ప్రష్యా వెళ్లి అక్కడే చనిపోయాడు, అప్పటికి పాతికేళ్లు కూడా దాటలేదు. పెద్ద కొడుకు కాన్‌స్టంటైన్ 1672లో మూడవ విలియం అధికారంలోకి వచ్చాక తండ్రి పదవిలో, అంటే కార్యదర్శిగా, కుదురుకున్నాడు. క్రిస్టియాన్‌కు మాత్రం ఆ కొలువు పట్టలేదు.

హనుమకొండ మాష్టారు

కొలువు దొరకని ఆ ఖాళీలోనే మనకు హైగెన్స్ దొరికాడు! ఇంట్లో కూర్చుని ఈ అన్నదమ్ములిద్దరూ, పెద్దవాడూ రెండోవాడూ, స్వయంగా కటకాలు సానపట్టి దూరదర్శినులు చేసుకున్నారు. అలాంటి దూరదర్శినితో క్రిస్టియాన్ 1655 మార్చి 25న శనిగ్రహపు ఉపగ్రహాన్ని కనుగొన్నాడు, దానినే ఇప్పుడు టైటాన్ అంటున్నాం. 1656లో లోలకం గడియారం, 1659లో శని చుట్టూ ఉన్నది ఎక్కడా గ్రహాన్ని తాకని పలుచని వలయమన్న వివరణ, 1673లో లోలకాల మీద మహాగ్రంథం, 1690లో కాంతి తరంగ సిద్ధాంతం. కటకాల పనిలో అన్న పేరు పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా రాదు, అది అన్యాయమని నా ఫిర్యాదు. హానెమాన్ చట్రాల్లో మాత్రం అన్నదమ్ములకు సమాన స్థానమే ఉంది.

సాయంకాల ప్రార్థన

అన్నదమ్ముల సంగతి అందరూ చెబుతున్నారు, పైన ఉన్న పిల్ల సంగతి ఎవరూ అడగరేం? ఆమెకు లైడెన్ లేదు, బ్రెడా లేదు. ఆడవాళ్లకు విశ్వవిద్యాలయం తలుపులే తెరుచుకోని రోజులు. హైగెన్స్‌తో ఉత్తరాలు నడిపిన పండితురాలు ఆన్నా మరియా వాన్ స్కూర్మాన్ 1636లో ఉట్రెక్ట్‌లో పాఠాలు వినాలంటే విద్యార్థులకు కనపడకుండా మరుగున కూర్చోవలసి వచ్చింది. అంతటి విదుషిని మెచ్చుకున్న తండ్రి తన కూతురికి ఆ దారి చూపలేదు. సుజానా 1660లో ఫిలిప్స్ డబ్లెట్ అనే బంధువును పెళ్లాడింది. కాని చిత్రంలో ఆమె తండ్రికి నేరుగా పైన, అందరికంటే ఎత్తున ఉంది. తల్లి పేరు పెట్టుకున్న బిడ్డకు తల్లి ఉండవలసిన చోటు ఇచ్చారని నాకు అనిపిస్తుంది. మాష్టారు అడిగిన ఏడో చట్రం ఆరో చట్రంలోనే ఉందేమో.

నీటిరంగులు

వినడానికి ఎంతో బాగుంది కాని నేను ఒప్పుకోలేను. నలుగురు కొడుకులు, ఒక కూతురు, మధ్యలో తండ్రి. సమతూకం చెడకుండా అమర్చాలంటే ఇరుపక్కలా ఇద్దరేసి అబ్బాయిలను పెట్టి మిగిలిన ఒక్కరిని నిట్టనిలువు గీత మీద పెట్టాలి. కింద రాత ఉంది, కాబట్టి పైన. ఏ పనివాణ్ణి అడిగినా ఇదే చెబుతాడు.

సాయంకాల ప్రార్థన

మిగిలిన ఒక్కరు ఆమే ఎందుకు కావాలి? తండ్రి పేరు మోస్తున్న పెద్ద కొడుకును పైన పెట్టి, చిన్న పిల్లను కింది మూలలో పెట్టినా మీ తూకం చెడదు కదా. వారసత్వం గురించి పాత పుస్తకాలు గారు చెప్పినదే నిజమైతే పై చోటు అతనిదే కావలసింది.

నీటిరంగులు

అలా పెడితే ముగ్గురు తమ్ముళ్లు ఒక చెల్లెలితో కలిసి నాలుగు మూలల్లో పడతారు, ఒక మూలలోని తల మిగతా మూడింటికంటే చిన్నదై బొమ్మ ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. అన్నదమ్ముల తలలు దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నాయి, ఆ నాలుగే మూలలకు సరిపోతాయి. అయినా మీ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. చట్రాలకు ఇంత పరిమాణమే ఉండాలని ఎవరూ శాసించలేదు, చిన్నపిల్ల తలను కాస్త పెద్దది చేసి ఏ మూలలోనైనా కూర్చోబెట్టగల చెయ్యి హానెమాన్‌ది. హేగ్‌లో ఉన్న మిత్రులు ఈసారి వెళ్లినప్పుడు ఆ పై చట్రం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడి, ఆ పాప చూపు ఎటు ఉందో, ముఖం మీది వెలుతురు అన్నలకు పడిన వైపు నుంచే పడుతోందో లేదో చూసి రాయాలని కోరుతున్నాను.